అమ్మకు పెట్టిన పొగ

మా పెదనాయన గదిలో గాలిని శుభ్రం చేసే యంత్రం ఒకటి ఉంది. తెల్లగా, బియ్యం డబ్బా అంత ఎత్తున, మంచం తలవైపు నిలబడి సన్నగా రొద చేస్తూ ఉంటుంది. గాలి బాగుంటే దాని నుదుటి మీద నీలం దీపం, చెడితే ఎర్ర దీపం. మధురైలో డాక్టరు చెప్పి కొనిపించాడట. ఈ సంగతి నాకు ఫోనులో చెప్పింది ఆయన కూతురు రంగక్క. "నాయనకు మూచ్చు ఆడటం లేదే. ఆ మిసిను లేకుంటే ఒక గడియ ఉండలేడు," అంది. మూచ్చు అంటే మా ఇళ్ళలో ఊపిరి. అరవం నుంచి వచ్చి మా నోళ్ళలో ఇంటి మనిషైపోయిన మాట. నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. "ఎందుకు నవ్వుతావే, పాపిష్టిదానా? సావుబతుకుల్లో ఉండే మనిషిని సూసి నవ్వుతారా?" అని రంగక్క తిట్టింది. తిట్టి, అసలు సంగతి చెప్పింది. "వచ్చే శుక్రవారం పిన్నమ్మకు చీర పెడతాండాం. నాయన నిన్ను సూడాలంటాండాడు. ఈ తూరి రాకుంటే ఇంగ నాతో మాట్లాడొద్దు."

పిన్నమ్మ అంటే మా అమ్మ. ముత్తైదువగా పోయిన ఆడదాన్ని పేరంటాలని కొలవడం మా కుటుంబాల్లో ఉంది. ఏటా కార్తికంలో ఒక శుక్రవారం పీట మీద కొత్త చీర మడిచి పెట్టి, పసుపు రాసి, పూలు చుట్టి, సాంబ్రాణి పొగ వేస్తారు. మా అమ్మకు ఆ మర్యాద జరుగుతూనే ఉంది. బతికినన్నాళ్ళూ దేవత కోపానికి గురైన పాపిష్టి మనిషి, చచ్చిన మరుసటి ఏడే తానూ ఒక దేవత అయిపోయింది. ఆ పాపమూ ఆమెకు అంటగట్టినవాడు మా పెదనాయనే, ఈ పీటా ఆమెకు వేయించినవాడు మా పెదనాయనే. నేను ఆ పూజకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈసారి వెళ్ళాను. పరామర్శకు వెళ్ళానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. ఒక డాక్టరమ్మ ఒకనాడు చెప్పిన రెండు మాటలు ఆయన మింగేశాడు. అవి ఆయన నోటితోనే, బంధువుల ముందు, కక్కించడానికి వెళ్ళాను. ఆయన ఊపిరి ఆగిపోయేలోపల అది జరగాలి. ఆ తర్వాత నాకు ఈ లోకంలో ఆ మాటలు చెప్పగల నోరు లేదు.

కోవిల్‌పట్టిలో బస్సు మారినప్పుడు ముసురు పడుతోంది. ఏళాయిరంపన్నై వైపు పోయే బస్సు అద్దాలు చెమ్మగిల్లి, లోపల తడి గొడుగుల వాసన. ఆ వాసన మధ్యలోంచి, ఏదో మలుపు దగ్గర, గంధకం చురుక్కుమంది. ముక్కుకు జ్ఞాపకశక్తి ఎక్కువ. కళ్ళు ఎన్ని కొత్త మేడలు చూసినా ముక్కు మాత్రం నన్ను నేరుగా తీసుకుపోయి మా పాత ఇంటి వంటగదిలో కూర్చోబెట్టింది.

మేము ఆ ఊరివాళ్ళం కాదు. మాది ఒట్టపిడారం పక్కన నల్లరేగడి పల్లె. పత్తి, సజ్జ, మిరప. చెట్లు తక్కువ, ఆకాశం ఎక్కువ. అక్కడ పొయ్యి కూడా వాకిట్లోనే ఉండేది, పొగ ఎటు పోవాలో గాలి చూసుకునేది. వానలు వరుసగా మోసం చేశాక, అప్పటికే ఏళాయిరంపన్నై దగ్గర ఒక పల్లెలో అగ్గిపెట్టెల షెడ్డు వేసిన పెదనాయన మా నాయనకు కబురు పెట్టాడు. "కూలోళ్ళను నమ్మలేను. నువ్వొచ్చి సూసుకో. ఇల్లు నేనిస్తా," అన్నాడు. ఇచ్చాడు. షెడ్డుకు నైరుతిలో, పెంకుల ఇల్లు. షెడ్డుకూ ఇంటికీ నడుమ ఒక గొయ్యి. మందు అంటిన కాగితాలు, విరిగిన పుల్లలు, మైనం మరకల గోనె ముక్కలు, జిగురు గిన్నెల అడుగులు అన్నీ ప్రతి సాయంత్రం ఆ గోతిలో పోసి అంటించేవాళ్ళు. ఇంటిని చూసినప్పుడు నాయన పెంకులు లెక్కచూసుకున్నాడు, పెదనాయన దూలం తట్టి చూపించాడు. గొయ్యిని చూసింది అమ్మ ఒక్కతే. "బావా, ఇది ఎవురింటి పొయ్యి?" అని అడిగింది. పెదనాయన గట్టిగా నవ్వాడు. ఆయనకు అమ్మ హాస్యం ఇష్టమే, అది తనను తాకనంతవరకు.

మావాళ్ళు ఊరు మారేటప్పుడు ఇంటిదేవత గుడి దగ్గరి నుంచి పిడికెడు మన్ను గుడ్డలో కట్టి తెచ్చుకుంటారు. దాన్ని పిడిమన్ను అంటారు. కొత్త ఊళ్ళో దాని మీద దిమ్మె కడితే దేవత మన వెంట వచ్చినట్టు. పెద్దమ్మ ఆ మూటను పాత ఊళ్ళోనే కట్టి, బండిలో అమ్మ సామాన్ల నడుమ పెట్టి, చెప్పాననుకుని చెప్పకుండా మరిచిపోయింది. కొత్త ఊరి మన్ను ఎర్ర గరుసు. దానితో పొయ్యి వేస్తే మూడో రోజుకు బీటలు. అమ్మ సామాను విప్పుతూ ఆ మూట చూసింది. నల్లమన్ను! రేగడి నేల ఆడవాళ్ళు పొయ్యి మెత్తడానికి దాన్ని మించింది లేదంటారు. తోడికోడలు ఎంత ముందుచూపుతో పంపిందో అని మురిసిపోయి, నానబెట్టి, పేడ కలిపి, బీటలన్నీ పూడ్చింది. పదిమందిలో పెద్దమ్మకు మెప్పు కూడా చెప్పింది. "అక్కా, నీ మన్నుతో పొయ్యి రాయిలాగ నిలబడిండాది!" పెద్దమ్మ ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఒక దేవత మా పొయ్యిలో కాలుతోందన్న వార్త పెద్దమ్మ నోటి నుంచి పెదనాయన చెవికి, అక్కడి నుంచి ఊరికి చేరింది.

అప్పుడు అందరూ నవ్వారు కూడా. అమ్మయితే, "పోనీలే, ఆమె ఉండేది వంటింట్లో. ఆడదానికి అదే గదా చోటు," అంది. ఆ ఏడు ఆడి నెలంతా, అంటే ఆషాఢమంతా, పడమటి గాలి. తలుపులు కొట్టుకునేవి, ఆరేసిన బట్టలు పక్క పొలంలో దొరికేవి. గోతి పొగ మా ఇంటి వైపు తలతిప్పకుండా తూర్పుకు పారిపోయేది. అమ్మ సజ్జలు దంచుతూ పాడేది, రొప్పకుండా. దేవత పొయ్యిలోనే ఉంది, అమ్మ రొమ్ము బాగానే ఉంది. ఈ ముక్క ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.

దీపావళి నెల ఐప్పసి పుట్టగానే గాలి తిరిగింది. ఈశాన్యం నుంచి వచ్చే ఆ తడిగాలిని మేము వాడగాలి అంటాం. ముసురు పట్టింది. పగలంతా సాయంత్రంలాగే ఉండేది. సూర్యుడు ఉన్నాడో లేడో కోళ్ళకు కూడా తెలిసేది కాదు. అవి మధ్యాహ్నమే గంప కిందికి దూరేవి. నల్లరేగడి పల్లెలో వానమబ్బంటే పండగ. ఇక్కడ అది మూత. గోతిలో తడిసిన చెత్త మండేది కాదు, మగ్గేది. ఆ పొగకు పైకి పోయే బలం లేక, పెంకులకు తల తగిలించుకుంటూ, నేల మీద పాకుతూ నేరుగా మా కిటికీలోకి వచ్చేది. దానికి తోడు ఇంట్లో ఆడవాళ్ళు అంటించిన అగ్గిపెట్టెల డొప్పలు ముసురుకు ఆరవని, నడిమింట్లో బొగ్గుల కుంపటి పెట్టమని పెదనాయన హుకుం. మైదా జిగురు పులుపు, బొగ్గు, గంధకం. ఆ వాసనలోనే తిన్నాం, చదివాం, పడుకున్నాం. దీపం పెట్టేవేళ అమ్మ ఇత్తడి బిందె భుజం మీద చూపుడువేలు రాసి, ఆ నల్లటి కొస నాకు చూపించేది. "సూడు పాపా, ఈ పొద్దు ఇంత తింటిమి." ఇప్పుడు కొత్త ఊరికి మారేవాళ్ళు ఇల్లు చూడకముందే ఫోనులో ఆ ఊరి గాలి ఎలా ఉందో చూసుకుంటున్నారు. మంచిదే. మా అమ్మకు ఆ ఫోను పని ఒక వేలు చేసింది. వేలు అబద్ధం చెప్పలేదు. వేలిని నమ్మినవాడు ఇంట్లో లేడు.

దగ్గు ముందు పొయ్యి దగ్గర మొదలైంది, తర్వాత బావి దగ్గర, తర్వాత మంచం మీద. పెదనాయన మా ఇంటి అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని తీర్పు చెప్పాడు. "ఇది దెయ్వకుత్తం. ఆ తల్లిని పొయ్యిలో ఏసి కాల్చినావు. ఆమె పొగంతా నీ రొమ్ములో పెట్టింది." దైవానికి చేసిన తప్పును మావాళ్ళు అలా అంటారు. "బావా, ఈ పొగ నా పొయ్యిది గాదు, నీ గుంతది," అంది అమ్మ. "నోరు! ఆ నోరే నిన్ను తింటాది," అన్నాడు ఆయన. నాయన నేల చూస్తూ కూర్చున్నాడు. అన్న మాట దాటడం ఆయన ఒంట్లో లేదు. ఆ మెతకదనాన్ని ఊరు మంచితనం అని పిలిచింది. నేను దానికి వేరే పేరు పెట్టుకున్నాను. తండ్రి కాబట్టి ఇక్కడ రాయను.

పొయ్యి పగలగొట్టారు. ఎర్రగా కాలిన పెళ్ళలు ఏరి గూట్లో పెట్టి పసుపు పూశారు. మొక్కమంటే అమ్మ మొక్కింది. మొక్కి, "ఇంగ నాకొక కొత్త పొయ్యి ఏపియ్యండి, ఆ తల్లి గూట్లో కూసోని సంగటి కెలకదు గదా," అంది. తర్వాత పరిహారం. ఉదయం, సాయంత్రం అమ్మ పడుకునే గది తలుపు మూసి, కిటికీకి గోనె కట్టి, సాంబ్రాణీ వేపాకూ వేసి పొగ పెట్టాలి. పొగకు మందు పొగ! ప్రపంచంలో ఎన్ని మూఢత్వాలతో వాదించానో, ఇంత నిండైనదాన్ని మళ్ళీ చూడలేదు. ఊపిరాడని మనిషిని గదిలో పెట్టి, గాలి వచ్చే సందులన్నీ మూసి, నిప్పుల మీద గుప్పెళ్ళతో ధూపం చల్లి, బయట చేతులు జోడించి నిలబడ్డారు. చేసినవాళ్ళెవరూ ఆమెకు శత్రువులు కాదు. అందుకే నాకు శత్రువుల కన్నా భక్తులంటే ఎక్కువ భయం.

చివరికి అమ్మ పెదవులు నల్లబడ్డాక కోవిల్‌పట్టి తీసుకుపోయారు. టౌనులో డాక్టర్లతో మాట్లాడటం పెదనాయన పని. నాయన పనిలో ఉన్నాడు. అమ్మ నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ తీసుకుపోయారు. డాక్టరమ్మ బొద్దుగా, తొందరగా మాట్లాడే మనిషి. అమ్మను తెర వెనక సూది వేయించుకోవడానికి పంపి, పెదనాయనతో అరవంలో రెండే మాటలు చెప్పింది. "ముందు పొగ ఆపండి. కిటికీలు తెరవండి." కలంతో బల్ల మీద కొట్టి మళ్ళీ అంది. "మీరుండే చోట అది కుదరదంటే ఈమెను వచ్చిన ఊరికే పంపేయండి. మందులు తర్వాతి సంగతి." పెదనాయన చేతులు కట్టుకుని, "సరేనమ్మా, సరేనమ్మా," అన్నాడు. ఇంటికి వచ్చాక నాయన ఎదురొచ్చి, "డాక్టరమ్మ ఏం శెప్పిందన్నా?" అని అడిగాడు. పెదనాయన కండువాతో ముఖం తుడుచుకుని, ఏ తడబాటూ లేకుండా, "సలిగాలి తగలకుండా మూసి పెట్టమనింది. అంతే," అన్నాడు.

"అట్లా శెప్పలే! పొగ ఆపమనింది! జన్నలు తెరవమనింది!" అని నేను అరిచాను. జన్నలంటే కిటికీ. పెదనాయన నన్ను కొట్టలేదు. నవ్వాడు. "పిల్ల బస్సులో నిద్రబోయి కల గన్నాది," అన్నాడు. అందరూ నవ్వారు. దెబ్బ అయితే మానిపోయేది. ఆయన అబద్ధం ఎందుకు ఆడాడో నాకు పెద్దయ్యాక అర్థమైంది. గొయ్యి దూరంగా జరిపితే అమ్మ మొదటినుంచీ అన్నది నిజమని ఒప్పుకున్నట్టు. ఆమెను పాత ఊరికి పంపితే తమ్ముడూ వెంట పోతాడు, నమ్మకస్తుడైన పనివాడు పోతాడు. దేవత మీదికి తోస్తే ఏదీ పోదు. దేవత ఎదురు చెప్పదు. ఆ సాయంత్రం అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచి, "నిజంగానే అట్లా శెప్పిందా పాపా?" అని అడిగింది. ఒట్టు పెట్టుకోబోయాను. "ఒట్టొద్దు. నువ్వు ఇన్నావు గదా, సాలు," అంది. తనను ఊరికి తీసుకుపొమ్మని నాయనను అడిగింది కూడా. సంక్రాంతికి తై నెల పుట్టనీ, పోదాం అన్నాడు నాయన. దానికి ముందే, మార్గళి నెల మంచులోనే అమ్మ పోయింది. శవం లేచే ముందు గది తలుపు తీశారు. లోపల నిలిచిన పొగ అమ్మ కన్నా ముందు బయటికి వచ్చింది.

నన్ను విరుదునగర్‌లో హాస్టల్లో వేశారు. అక్కడి బడిలో వాదప్రతివాదాల సభలు జరిగేవి, పట్టిమండ్రం అంటారు. విధి గొప్పదా బుద్ధి గొప్పదా అన్న సభలో నేను అమ్మ కథ చెప్పబోయి వేదిక మీదే ఏడ్చేశాను. మా టీచరు కిందికి దింపి, ముక్కు తుడిచి, చెప్పింది. "వేదిక మీద ఏడిస్తే నీమీద జాలిపడి ఇంటికి పోతారు. ఒక్క ప్రశ్న అడుగు. అడిగి, నోరు మూసుకో. జవాబు చెప్పాల్సినవాడు చెమట పడతాడు." నా బతుకంతా ఆ మాట మీదే నడిచింది. అరవంలో ఎన్నో వేదికలు ఎక్కాను. ఎన్నో ఊళ్ళలో రాళ్ళు కూడా పడ్డాయి. నడివయసులో, ఇంట్లో మాట్లాడుతూ ఎన్నడూ రాయని నా భాషకు అక్షరాలు నేర్చుకుని తెలుగులోనూ వాదించాను. సభలో ఎవరిని ఓడించినా ఆ ముఖంలో కండువాతో చెమట తుడుచుకునే ఒక ముఖమే కనపడేది. ఆ మనిషిని మాత్రం ఎదురుగా నిలబెట్టి ప్రశ్న అడగలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకున్నాను. ఈ ఏడు యంత్రం వచ్చింది.

పెంకుల ఇంటి చోట మేడ లేచింది. గొయ్యి పూడ్చి, దాని మీద కారు నిలుపుతున్నారు. నడిమింట్లో చాపల మీద చుట్టాలు. పీట మీద అరిటాకుపచ్చ నూలు చీర. రంగక్క నన్ను వాటేసుకుని, "ముసిలిదానివైపోతివే," అంది. "నువ్వేమో పెండ్లికూతురు," అన్నాను. పెదనాయన గది తలుపు మూసి ఉంది. గడప సందులో తడి తువ్వాలు కుక్కారు, సాంబ్రాణి లోపలికి పోకూడదని. ఆ తువ్వాలును చూసేసరికి నాలో ఏదో మిగిలి ఉన్న దయ కూడా ఎగిరిపోయింది. అమ్మ దగ్గుకు దేవత కారణం, ఈయన దగ్గుకు పొగ కారణం. అమ్మకు గోనె కట్టిన కిటికీ, ఈయనకు తువ్వాలు కుక్కిన గడప. ఆమె ముఖాన వేసే పొగ ఈయన ముక్కుకు తగలకూడదు.

రంగక్క ధూపం గిన్నెలో సాంబ్రాణి చల్లింది. పొగ లేచింది. నేను తువ్వాలు లాగేసి, తలుపు బార్లా తీసి, గడపలో నిలబడ్డాను. మంచం మీద పెదనాయన ఎండిన చింతకాయలా ముడుచుకుని ఉన్నాడు. కళ్ళు మాత్రం అవే. "వస్తివా పాపా," అన్నాడు. "నీ కోసమే ఉండాను. మీ అమ్మ పుణ్యాత్మురాలు..." పొగ నా పక్కనుంచి లోపలికి పోయింది. నీలం దీపం ఎర్రబడింది. యంత్రం రొద పెంచింది. "తలుపు... తలుపు మూయమ్మే," అన్నాడు.

"మూస్తా పెద్నాయనా. ఒక్కటి శెప్పు. కోయిల్‌పట్టి డాక్టరమ్మ ఆ పొద్దు ఏం శెప్పింది?"

అడిగి, నోరు మూసుకున్నాను. వెనకనుంచి రంగక్క మొగుడు, "మరదలా, ఇప్పుడేంది ఈ పంచాయితీ, పెద్ద ప్రాణం," అన్నాడు. నేను తిరిగి చూడలేదు. పెదనాయన నన్ను చూశాడు, నా వెనక గిన్నెను చూశాడు, ఎర్ర దీపాన్ని చూశాడు. ఆయనకు డాక్టరమ్మ గుర్తుంది. చింతకాయ ముడతల్లో ఆ గుర్తు పాకడం నేను చూశాను. దగ్గు ఆయన్ను మంచం మీద నుంచి ఎత్తి కూర్చోబెట్టింది. నేను జరగలేదు. ఇది క్రూరమని మీరంటే వాదించను.

"పొగ... ఆపండి," అన్నాడు. "జన్నలు తెరవండి."

"ఇది ఎవురి మాట పెద్నాయనా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఆ డాక్టరమ్మ మాట," అన్నాడు. "అదే శెప్పింది. ఆపమనే శెప్పింది."

రంగక్క ఒక్క క్షణం తండ్రిని, పీటను, నన్ను చూసి, బిందె ఎత్తి గిన్నెలో నీళ్ళు కుమ్మరించింది. నిప్పులు చుయ్యిమన్నాయి. పిన్నమ్మకు ధూపం ఆర్పితే అరిష్టమని ఎవరో ముసలమ్మ గొణిగింది. "అరిష్టం ఎప్పుడో అయిపోయిందిలే అవ్వా," అంది రంగక్క. ఆమె నోట ఆ మాట నేను నేర్పింది కాదు.

పీట మీది చీర తీసి ఆమె భుజాన వేశాను. "కట్టుకో అక్కా. మా అమ్మ నూలు చీరంటే ఇష్టపడేది, కట్టుకోవడానికి." రంగక్క చీర అంచు కళ్ళకు ఒత్తుకుని, "దీన్ని కట్టుకోకపోతే నన్ను గూడా పీటెక్కిస్తావేమో," అని ముక్కు చీదింది. తర్వాత నేను గదిలోకి పోయి ఈశాన్యం కిటికీ తెరిచాను. వాన కడిగిన వాడగాలి లోపలికి వచ్చింది. పగ తీరిందా అని తిరుగుదారిలో నన్ను నేనే అడిగాను. తీరలేదు. పగ తీరాలంటే ఆ మాట ఆనాడు నాయన ముందు పడాలి. కానీ నేను కల గనలేదని ఇప్పుడు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ దేవతను కాల్చి చావలేదని తెలుసు.

పెదనాయన ఆయాసం నెమ్మదించేవరకు యంత్రం పక్కనే నిలబడ్డాను. ఎర్ర దీపం కాసేపు ఎర్రగానే ఉండి, మెల్లగా నీలంలోకి తిరిగింది. కిటికీ తెరిచాక పట్టింది అంతే సేపు. ఆ కాస్త సేపు అమ్మకు ఎవరూ ఇవ్వలేదు.